వెనక కూర్చున్న నాలుగు తీగలు

మా అమ్మాయి నాలుగో తరగతిలో స్కూలు ఆర్కెస్ట్రా కోసం చెల్లో మొదలుపెట్టింది. హైస్కూలు చివరికి వచ్చేసరికి ఆర్కెస్ట్రా మీద మోజు తగ్గి, గది తలుపు వేసుకుని ఒక్కతే వాయించుకోవడం ఎక్కువైంది. దాచుకున్న డబ్బుతో, కాలితో నొక్కే చిన్న పెట్టె ఒకటి కొనుక్కుంది. దాన్ని లూప్ పెడల్ అంటారు. చెల్లో మీద నాలుగు స్వరాలు వాయించి ఆ పెట్టెని నొక్కితే, అది ఆ నాలుగింటినీ పట్టుకుని తిరిగి తిరిగి వినిపిస్తూ ఉంటుంది. దాని మీద ఇంకో వరస వాయించి మళ్ళీ నొక్కితే రెండూ కలిసి తిరుగుతాయి. అలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయి, చివర్లో చాలా మెల్లిగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు ఏదో పాడుతుంది. పల్లవీ చరణం అంటూ ఏమీ ఉండవు. మొదట్లో నాకు అది సాధకం లాగా వినిపించేది గాని పాటలాగా వినిపించేది కాదు.

పోయిన ఏడాది మా అమ్మ విజయవాడ నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. ప్రయాణపు బడలిక ఇంకా తీరలేదు. ఒక మధ్యాహ్నం పడుకుని లేచి వంటింట్లోకి వస్తూ, "లోపల తంబూరా ఎవరు మీటుతున్నారే?" అని అడిగింది.

తంబూరా కాదమ్మా, చెల్లో అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "వాద్యం ఏదైతేనేం? చేస్తున్న పని తంబూరా పని" అంది.

ఈ విషయంలో మా అమ్మ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. మా పెద్దమ్మ మంచి గాయని. పెళ్ళిళ్ళలోను, శ్రీరామనవమి పందిళ్ళలోను, అప్పుడప్పుడు రేడియోలోను పాడేది. అమ్మకి గొంతు పలకదని చిన్నప్పుడే తేల్చేశారు. అంచేత పాతికేళ్ళ పాటు అక్క వెనక కూర్చుని తంబూరా మీటింది. మా ఇంట్లో ఉన్న కచేరీ ఫొటోలన్నిటిలోను పెద్దమ్మ నిండుగా ఉంటుంది, అమ్మ మాత్రం సగం మొహమే ఉంటుంది. వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో మైకులో చెప్పేవారు. తంబూరా ఎవరో చెప్పిన గుర్తు నాకు లేదు.

ఈ సంగీతాన్ని ఏమంటారని అమ్మాయిని అడిగితే యాంబియెంట్ ఫోక్ అంది. ఎవరెవరు వాయిస్తారో పేర్లు చెప్పింది. వాళ్ళని విన్నాను, వాళ్ళ గురించి చదివాను. ఆ తీగ పట్టుకుని వెనక్కి పోగా పోగా అమ్మ చెవి తప్పు చెప్పలేదని తెలిసింది. వినడానికి రెండూ ఒకేలా ఉన్నాయన్న మాట అలా ఉంచండి, చరిత్రలో కూడా ఈ రెంటికీ నిజమైన చుట్టరికం ఉంది. ఆ కథే ఈ వ్యాసం.

ముందు తంబూరా సంగతి. మనందరం చూసినదే అయినా దాని దగ్గర కూర్చున్నవాళ్ళు తక్కువ. నాలుగు తీగలు. మొదటిది పంచమం, తరవాత రెండూ షడ్జమం, చివరిది మంద్ర షడ్జమం. మధ్యవేలితో పంచమాన్ని, చూపుడువేలితో మిగతా మూడింటినీ వరసగా మీటాలి. అవగానే మళ్ళీ మొదటికి రావాలి. మెట్లు లేవు. ఎడమచేతికి వాయించే పని లేదు. కీర్తన మారినా, తాళం మారినా ఆ చుట్టు మారదు. అమ్మ మీటుతుంటే గడియారం పెట్టి చూశాను, ఒక చుట్టుకి దాదాపు 5 సెకన్లు పట్టింది. అంటే రెండున్నర గంటల కచేరీలో 1,800 చుట్లు! యంత్రం ఏదీ లేకుండా, చేత్తో కట్టిన లూప్ అది.

అంతసేపు అదే విన్నా విసుగు పుట్టకపోవడానికి కారణం బ్రిడ్జిలో ఉంది. వయొలిన్ బ్రిడ్జి కత్తి అంచులా సన్నంగా ఉంటుంది. తంబూరా బ్రిడ్జి వెడల్పుగా, పైభాగం కొంచెం వంపు తిరిగి ఉంటుంది. దాని మీద ప్రతి తీగ కిందా ఒక దారప్పోగు పెడతారు. ఆ దారాన్ని జీవ అంటారు, పేరు ఎవరు పెట్టారో గాని బాగా పెట్టారు. దాన్ని వెంట్రుకవాసి ఇటూ అటూ జరిపితే నాదం ఒక్కసారి విచ్చుకుంటుంది. సి.వి. రామన్ 1921లో మన తీగ వాద్యాల మీద ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. (ఆయన స్కూలు చదువు విశాఖపట్నంలో సాగింది. వాళ్ళ నాన్నగారు అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేవారు.) మామూలుగా తీగని ఏ చోట మీటితే, ఆ చోట కదలిక ఉండకూడని అనుస్వరాలు వినిపించకూడదు. యూరప్‌లో స్థిరపడిన సిద్ధాంతం అది. వీణలోను తంబూరాలోను అవి కూడా వినిపిస్తున్నాయని, దానికి కారణం ఈ బ్రిడ్జేనని రామన్ గమనించారు. ఫలితం ఏమిటంటే, మీటిన స్వరం వెంటనే చావదు. ఒకదానిలోంచి ఒకటిగా పై స్వరాలు బయటికొస్తాయి. మనం ఎక్కడా మీటని అంతర గాంధారం కూడా మంద్ర తీగలోంచి తనంతట తానే పలుకుతుంది. ఒక తీగ నాదం ఆగేలోపల ఇంకోటి అందుకుంటుంది. చుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెవికి దొరకదు. మా అమ్మాయి పెడల్‌తో రోజూ తంటాలు పడేది సరిగ్గా దీనికోసమే. కాలు ఒక్క క్షణం అటూ ఇటూ అయితే లూప్ అతుకు దగ్గర టక్కుమంటుంది.

తీగల చుట్టు అన్నిచోట్లా వెనకే కూర్చుందని కాదు. కచేరీ వేదిక దాటితే సంగతి వేరు. బుర్రకథలో కథకుడి భుజం మీదే తంబూరా ఉంటుంది. ఆ బుర్ర మూలంగానే కథకి ఆ పేరు వచ్చిందని అంటారు. తత్వాలు పాడుకునేవాళ్ళకి ఏకతార చాలు. ఒకటే తీగ, ఒకటే స్వరం, దాని మీద ఒక మనిషి గొంతు. చిన్నప్పుడు మా వీధిలో పొద్దున్నే వచ్చే తత్వాలాయన అరుగు మీద కూర్చుని ఎవరూ బియ్యం తేకముందే పాడడం మొదలుపెట్టేవాడు. మా కోసం పాడుతున్నాడని అనిపించేది కాదు. మా అమ్మాయి గదిలోంచి వచ్చేదానికి దగ్గరగా ఉండేది నిజానికి ఆ పాటే. కాని చారిత్రకంగా అమెరికాకి చేరిన దారి మాత్రం కచేరీ తంబూరాది.

ఆ దారి 1955లో న్యూయార్క్‌లో మొదలయింది. వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ ఆహ్వానం మీద అలీ అక్బర్ ఖాన్ సరోద్ తీసుకుని వచ్చి మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో కచేరీ చేశారు. ఆ సందర్భంలోనే ఒక లాంగ్ ప్లే రికార్డు కూడా చేశారు. పడమటి దేశాల్లో మన శాస్త్రీయ సంగీతానికి వచ్చిన మొదటి ఎల్పీ అదే. రెండు వైపులా రెండు రాగాలు, సింధు భైరవి, పీలు. మొదట మెనూహిన్ స్వయంగా మాట్లాడి వాద్యాలని పరిచయం చేస్తాడు. తబలా చతుర్‌లాల్. తంబూరా శిరీష్ గోర్. ఆ మూడో పేరు అక్కడ అచ్చయిందని చెబితే మా అమ్మ "అచ్చు వేశారా!" అని ఆశ్చర్యపోయింది.

రెండేళ్ళ తరవాత లాస్ ఏంజెలెస్‌లో లా మాంట్ యంగ్ అనే విద్యార్థి చెవిన ఆ రికార్డు పడింది. అయిడహోలో దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టినవాడు. సందుల్లోంచి దూరే గాలి హోరు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల మోత తన తొలి సంగీతమని చెప్పుకునేవాడు. అలాంటివాడికి రికార్డులో ముందు వినిపించవలసిన సరోద్ కంటే వెనక వినిపించే తంబూరా పట్టుకుంది. 1958లో వయొలిన్, వయోలా, చెల్లోల కోసం ఒక రచన చేశాడు. స్వరాలు నిమిషాల తరబడి కదలవు. 1960లో చేసిన ఇంకో రచన మరీ చిత్రం. కాగితం మీద రెండే స్వరాలున్నాయి, చాలాసేపు పట్టి ఉంచమని ఒక సూచన ఉంది, అంతే. ఆ రెండు స్వరాల మధ్య దూరం మనకి షడ్జమ పంచమాల దూరం. సంగీతం తెలిసిన తెలుగువాడెవరైనా ఆ కాగితం చూస్తే "శ్రుతి వేసి ఊరుకున్నాడేమిటి, పాటెక్కడ?" అని అడుగుతాడు. శ్రుతే పాట అన్నది అతని వాదం.

ఆ తరవాత అతని చుట్టూ ఒక బృందం తయారయింది. అందులో వయోలా వాయించిన జాన్ కేల్ అదే పద్ధతిని రాక్ సంగీతంలోకి తీసుకుపోయాడు. అదో పెద్ద కథ, మనకి అక్కర్లేదు. మనకి కావలసినవాడు యంగ్ స్నేహితుడు టెర్రీ రైలీ.

1963లో రైలీ పారిస్‌లో ఉన్నాడు. ఒక నాటకానికి సంగీతం చేస్తున్నాడు, చెట్ బేకర్ ట్రంపెట్ వాయించాడు. రికార్డయినదాన్ని ఎలా తిప్పి తిప్పి వినిపించాలన్నది సమస్య. ఫ్రెంచి రేడియో స్టూడియోలో ఇంజనీరు ఒక ఉపాయం చూపించాడు. రెండు టేపు రికార్డర్లు పక్కపక్కన పెట్టి, ఒకే టేపుని మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి లాగాలి. మొదటిది రికార్డు చేస్తుంది, రెండోది వినిపిస్తుంది. వినిపించినదాన్ని మళ్ళీ మొదటిదానికి పంపిస్తే పాత స్వరం కొత్త స్వరంతో కలిసి ఇంకోసారి వస్తుంది. టేపు సెకనుకి 7.5 అంగుళాలు నడుస్తుంది అనుకుంటే, రెండు యంత్రాల మధ్య 37 అంగుళాల టేపు ఉంటే వాయించిన స్వరం సుమారు 5 సెకన్లకి తిరిగి వస్తుంది. మా అమ్మ చేతి చుట్టు ఎంతో ఇదీ అంతే. లెక్క కట్టినప్పుడు ఒక్క నిమిషం కాగితం వంకే చూస్తూ ఉండిపోయాను. మా అమ్మాయి కాలి కింద ఉన్న పెట్టెకి తాతగారు ఈ టేపు.

రైలీ కథ అక్కడితో ఆగలేదు. 1970లో పండిట్ ప్రాణ్‌నాథ్ అమెరికా వచ్చారు. లాహోర్‌లో పుట్టిన కిరానా ఘరానా గాయకుడు. యంగ్, అతని భార్య మరియన్ జజీలా, రైలీ ముగ్గురూ ఆయన శిష్యులయ్యారు. అదీ మొక్కుబడి శిష్యరికం కాదు, గురువుగారు 1996లో పోయేదాకా సాగింది. టేపుతో స్వరాల్ని తిప్పడం నేర్చినవాడు, అప్పటికే పేరు సంపాదించినవాడు, గురువుగారి కచేరీల్లో వెనక కూర్చుని తంబూరా మీటాడు. యంగ్ దంపతులు గురువుగారి తంబూరాల మీద ఒక రికార్డే చేశారు. 1982లో చేసింది 1999లో విడుదలయింది. గంటకు పైగా తంబూరాలే, ముందు పాడేవాళ్ళు లేరు. మా అమ్మకి వినిపించాను. పది నిమిషాలు కళ్ళు మూసుకుని వింది. "శ్రుతి బాగా చేశారు" అని, "పాట ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగింది. మొదలెట్టరమ్మా అంటే ఏమీ అనకుండా మిగతాది కూడా వింది.

టేపు ఉపాయం ఇంగ్లండు చేరింది. 1972లో బ్రయన్ ఈనో రెండు టేపు రికార్డర్లు పెట్టాడు, రాబర్ట్ ఫ్రిప్ గిటార్ వాయించాడు. 1973లో ఆ రికార్డు వచ్చింది. ఈ తరహాకి యాంబియెంట్ అన్న పేరు స్థిరపడింది ఈనో వల్లే. అతను చెప్పుకునే కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 1975 మొదట్లో టాక్సీ గుద్ది మంచాన పడ్డాడు. చూడడానికొచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డొకటి తెచ్చింది. ఆమె వెళ్ళాక అది పెట్టుకుని పడుకున్నాడు. సౌండు బాగా తక్కువగా ఉంది, లేచి పెంచే ఓపిక లేదు. బయట వాన పడుతోంది. వాన చప్పుడులో కలిసిపోయి అక్కడో తీగ ఇక్కడో తీగ వినిపిస్తుంటే, సంగీతం ఇలా గదిలో వెలుతురులాగా కూడా ఉండొచ్చు కదా అనిపించిందట. ఇక్కడ నాకో చిన్న అభ్యంతరం. విజయవాడలో పొద్దున్నే ఆరింటికి రేడియోలో భక్తిరంజని పెట్టుకుని కాఫీలు కలుపుకున్న ఇళ్ళన్నిటికీ ఈ విషయం టాక్సీ గుద్దకుండానే తెలుసు.

ఈనో గది నిండా నింపాడు గాని, ఆ గదిలో ఒక మనిషి ఉన్నట్టు అనిపించదు. మా అమ్మాయి సంగీతంలో అనిపిస్తుంది. ఆ తేడా ఎవరివల్ల వచ్చిందని అడిగితే ఆమె చెప్పిన పేరు ఆర్థర్ రసెల్. ఇన్ని రికార్డులు విన్నాక నాకు మిగిలిన పేరు కూడా అదే.

రసెల్ 1951లో అయోవాలో, మొక్కజొన్న చేల మధ్య ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. చెల్లో నేర్చుకున్నాడు. ఇంట్లోంచి వెళ్ళిపోయి కాలిఫోర్నియా చేరాడు. అక్కడ చదువుకున్న చోట్లలో అలీ అక్బర్ కాలేజీ ఒకటి. 1955లో ఆ రికార్డు చేసిన ఖాన్‌సాహెబే 1967లో పెట్టిన కాలేజీ అది. 1973లో న్యూయార్క్ వచ్చాడు. డిస్కో పాటలు చేశాడు, కచేరీ సంగీతం రాశాడు, దేనిలోనూ పూర్తిగా ఇమడలేదు. 1986లో 'వరల్డ్ ఆఫ్ ఎకో' అనే రికార్డు వచ్చింది. అందులో ఉన్నది ఒక్క చెల్లో, అతని గొంతు, వాటి ప్రతిధ్వనులు. కమానుతో గీస్తాడు, వేళ్ళతో మీటుతాడు, అవన్నీ మసకమసకగా తిరిగొస్తూ ఉంటాయి. మాటలు సగం మింగేస్తాడు. అర్ధరాత్రి పక్కవాటాలో నిద్రపట్టని మనిషెవరో తనలో తను పాడుకుంటుంటే గోడకి చెవి పెట్టినట్టుంటుంది.

ఆ రికార్డు అప్పట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. చేసినదాన్ని టేపు మీద ఎక్కించుకుని, వాక్‌మన్ పెట్టుకుని హడ్సన్ నది ఒడ్డున నడుస్తూ వినేవాడట, మార్చేవాడు, ముగించేవాడు కాదు. 1992లో ఎయిడ్స్‌తో పోయాడు, 40 ఏళ్ళకి. వెయ్యికి పైగా టేపులు మిగిలాయి. 2004 నుంచి అవి ఒకటొకటిగా బయటికొచ్చి, మా అమ్మాయి తరం చేతికందాయి. నది ఒడ్డున ఒక్కడూ విన్న సంగీతాన్ని ఇప్పుడు లోకంలో ఎంతోమంది పిల్లలు ఒక్కొక్కరే, చెవుల్లో పెట్టుకుని వింటున్నారు.

తరవాతి కథ పరికరాల కథ. టేపు పోయి డిజిటల్ పెట్టెలు వచ్చాయి. 2001లో బాస్ కంపెనీ వేసిన పెడల్‌తో, ఇంజనీర్లకీ స్టూడియోలకీ మాత్రమే అందిన పని కాలేజీ కుర్రాళ్ళ కాళ్ళ కిందికి వచ్చింది. జోయీ కీటింగ్ అనే ఆమె శాన్ ఫ్రాన్సిస్కోలో పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, చెల్లోకి కంప్యూటర్ కలిపి ఒక్కతే పదహారుమంది వాయించినట్టు వాయించింది. ఫ్రాన్సులో కొలీన్ అనే పేరుతో రికార్డులు చేసే ఆమె 2003లో లూపులతోనే మొదలుపెట్టి, 2007లో అవి పక్కన పెట్టి వయోలా ద గంబా అనే పాతకాలపు వాద్యం చేత్తో వాయించింది, తరవాత మళ్ళీ లూపుల దగ్గరికి వచ్చింది. యంత్రంతో ఇంత చనువుగా ఉన్నవాళ్ళకి కూడా, తిరిగొచ్చే స్వరం మరీ అచ్చుగుద్దినట్టు ఉందన్న అసంతృప్తి ఎక్కడో ఉంటుందేమోనని నా అనుమానం. లూప్ ఎన్నిసార్లు తిరిగినా అదే. చేత్తో మీటిన తంబూరాలో ఏ రెండు చుట్లూ ఒకటి కావు. పాడేవాళ్ళు పైకి పోతే మీటేవాళ్ళ వేలు తెలియకుండానే కొంచెం గట్టిగా పడుతుంది. అమ్మ ఈ మాట ఎప్పుడూ అనలేదు, పక్కన కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక మన సంగతి. అమెరికన్లు మన తంబూరా విని టేపు మీద లూపులు కట్టుకుంటూ ఉండగా, మనం మన తంబూరాని పెట్టెలో పెట్టాం. బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు, స్వయంగా వేణువు వాయించేవారు, డెబ్భైల చివర్లో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు చెయ్యడం మొదలుపెట్టారు. తరవాత ఎలక్ట్రానిక్ తంబూరాలు వచ్చాయి. ఇప్పుడు ఫోన్‌లో యాప్ చాలు. తప్పు పట్టడానికి లేదు. అయిదడుగుల తంబూరాని విమానంలో ఎలా తెస్తాం? తెచ్చినా చలికాలం హీటర్ గాలికి చెక్క ఎండిపోతుంది, బిరడాలు నిలవవు. ఈ పెట్టెలే లేకపోతే ఈ దేశంలో శనివారం సంగీతం క్లాసులు ఇన్ని నడిచేవి కావు.

మా అమ్మాయిని అయిదో ఏట అలాంటి క్లాసులో చేర్చినప్పుడు నేను కొన్న మొదటి వస్తువు కూడా ఆ పెట్టే. అమ్మ అప్పుడు కూడా ఇక్కడే ఉంది. మా గుడిలో ఎవరో ఇచ్చిన తంబూరా ఒకటి ఉంటుంది, త్యాగరాజ ఆరాధన రోజున బయటికి తీస్తారు. "అది తెస్తే, పిల్ల సాధకం చేసుకునేటప్పుడు నేను కూర్చుంటానే" అంది అమ్మ. "ఎందుకమ్మా నీకు శ్రమ, పెట్టె ఉందిగా" అన్నాను. అమ్మ మరి ఆ మాట ఎత్తలేదు. ఆమెని సుఖపెడుతున్నాననే అనుకున్నాను. మన సంగీతంలో ఆమెకంటూ ఉన్న ఒకే ఒక్క చోటులో పెట్టె పెడుతున్నానని తట్టలేదు. అమ్మాయి రెండేళ్ళకి ఆ క్లాసు మానేసింది. ఎందుకంటే ఇప్పుడు చెప్పలేకపోతోంది.

ఇదంతా చదివాక గుడివాళ్ళని అడిగి తంబూరా తెచ్చాను. ఒక తీగ తెగి ఉంది, రెండు తుప్పు పట్టాయి. కొత్తవి తెప్పించి వెయ్యడానికి రెండు వారాలు పట్టింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కుట్టుపెట్టెలోంచి దారం తీసి, ఒక్కొక్క తీగ కింద జరుపుకుంటూ అరగంట కూర్చుంది. అమ్మాయి చెల్లో తీగల్ని ఆ శ్రుతికి తిప్పుకుంది. అలవాటుగా పెడల్ మీద కాలు వేసి, ఒకసారి అమ్మమ్మ వంక చూసి, కాలు తీసేసింది. ఏం వాయించిందో నేను చెప్పలేను. మెల్లిగానే వాయించింది, ఒక చోట పాడింది కూడా. మొత్తం నలభై నిమిషాలు.

ఆపాక అమ్మాయి, "అమ్మమ్మా, రేపు కూడా కూర్చుంటావా?" అని అడిగింది.

"కూర్చుంటాను గాని, కుర్చీ వెయ్యవే. కాలు తిమ్మిరెక్కింది" అంది అమ్మ.